ఫోల్డరు మీద బొంగరం!

మారియో గుర్తున్నాడా? ఎర్ర టోపీ, గుబురు మీసం, ఎగిరి ఇటుకలు పగలగొట్టే పొట్టి మనిషి! వేసవి సెలవులొస్తే టీవీకి వీడియోగేమ్ పెట్టె తగిలించి, అన్నం సంగతి కూడా మరిచిపోయి పిల్లలు ఆడిన ఆట అది. ఆ ఆట లోకాన్నే కంప్యూటర్లోని ఫైళ్ల అరల్లోకి దించేస్తున్నారు లినక్స్ ప్రియులు. ఫోల్డరు ఉండాల్సిన చోట ప్రశ్నగుర్తు పెట్టె, పాటలకు బంగారు నాణెం, చెత్తబుట్టకు బదులు ఆకుపచ్చ గొట్టం... చూస్తే పిల్లల సరదాలాగే ఉంటుంది. కానీ ఆ సరదా వెనక 'ఈ యంత్రం అసలు ఎవరిది?' అన్న పెద్ద ప్రశ్నే ఉంది. ఈ వారం ఆ కబురే!

బీరువా తలుపు

నరసరావుపేటలోనో పిడుగురాళ్లలోనో ఓ మామూలు ఇల్లు అనుకుందాం. పెద్దాడు ఇంజినీరింగ్‌లో చేరినప్పుడు కొన్న ల్యాప్‌టాప్ ఒకటి ఉంది. వాడి ప్రాజెక్టులు అందులోనే. అక్క పెళ్లి ఫొటోలు అందులోనే. నాన్న పట్టాదారు పాసుపుస్తకం కాపీ, కోల్డ్ స్టోరేజీలో మిర్చి బస్తాలు పెట్టిన రసీదులు, చెల్లెలి ఇంటర్ మార్కుల మెమో... అన్నీ అందులోనే. ఒకప్పుడు ఇవన్నీ ఇనప బీరువాలో ఉండేవి. తాళంచెవి అమ్మ కొంగుకు ఉండేది.

కంప్యూటర్లో ఆ బీరువా తలుపు తీసి అరలు చూపించే ప్రోగ్రామునే ఫైల్ మేనేజర్ అంటారు. విండోస్‌లో దాని పేరు ఫైల్ ఎక్స్‌ప్లోరర్. లినక్స్‌లో అయితే ఒకటి కాదు... నాటిలస్, డాల్ఫిన్, థునార్, నెమో, కాజా... ఎవరికి నచ్చింది వాళ్లు పెట్టుకోవచ్చు. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ అనే ఫిన్లాండ్ విద్యార్థి మొదలుపెట్టిన లినక్స్ ఉచితంగా దొరుకుతుంది. దాని లోపలి రాతకోతలన్నీ ఎవరైనా చూడొచ్చు, మార్చుకోవచ్చు, పదిమందికీ పంచొచ్చు.

ఈమధ్య దాని మాట ఇళ్లలో ఎక్కువగా వినపడటానికి ఓ కారణం ఉంది. విండోస్ 10కు మామూలుగా ఇచ్చే మద్దతును మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో ఆపేసింది. చాలా పాత ల్యాప్‌టాప్‌లు విండోస్ 11కు పనికిరావు. పారేయడానికి మనసొప్పని వాళ్లు వాటిలో లినక్స్ ఎక్కిస్తున్నారు. ఎక్కించాక కుర్రాళ్లు చేసే మొదటి పని... దాని ముస్తాబు మార్చడం! బొమ్మలు, రంగులు, అక్షరాల తీరు, అన్నీ కలిపి మార్చే ఆ ముస్తాబునే థీమ్ అంటారు. బీరువాకు రంగు వేస్తే లోపలున్న పట్టుచీరలకు ఏమీ కాదు కదా! థీమ్ మార్చినా అంతే. ఫైళ్లు ఎక్కడివక్కడే ఉంటాయి.

ఆ పసుపు అట్ట ఎవరిది?

ఫోల్డరు అనగానే మనకు గుర్తొచ్చేది పసుపుపచ్చ అట్ట బొమ్మ. పైన చిన్న చెవి ఒకటి. ఆ బొమ్మ ఎక్కణ్నుంచి వచ్చిందో ఎప్పుడైనా ఆలోచించారా? 1981లో జిరాక్స్ సంస్థ 'స్టార్' అనే కంప్యూటర్ తెచ్చింది. ఆఫీసు బల్లనే తెర మీద చూపించాలన్నది దాని ఆలోచన. అమెరికా ఆఫీసుల్లో కాగితాలు దాచుకునే అట్టలనే బొమ్మలుగా గీశారు. ఆ అట్టలను వాళ్లు మనీలా ఫోల్డర్లు అంటారు. ఒకప్పుడు ఫిలిప్పీన్స్ నుంచి వచ్చే మనీలా నారతో ఆ కాగితం చేసేవారు కాబట్టి ఆ పేరు. ఆ లేత పసుపు కూడా అక్కడిదే.

అంటే... ఆ బొమ్మ ప్రకృతి సిద్ధంగా పుట్టిందేం కాదు. ఎవరో తమ కళ్ల ముందున్న వస్తువును చూసి గీశారు, లోకమంతా వాడుకుంటోంది. మాచర్లలోని ఓ నాయనమ్మకు ట్రంకుపెట్టె తెలుసు, గాదె తెలుసు, ఉట్టి తెలుసు. మనీలా అట్ట మాత్రం తెలీదు. ఆమె చేత ఫొటోలు తెరిపించాలంటే 'ఆ పసుపుపచ్చ దాని మీద నొక్కు, అది కాదు, పక్కది' అని మనవడు పదిసార్లు చెప్పాలి. అన్నీ ఒకేలా ఉంటాయి, కింది పేరు ఇంగ్లిషులో ఉంటుంది మరి!

గళ్ల కాగితం గొప్పతనం

పాత వీడియోగేముల బొమ్మలంటే చిన్న చిన్న చదరాల కూర్పు. ఆ చదరాన్ని పిక్సెల్ అంటారు. మన ఆడపడుచులకు ఇది కొత్త విద్యేం కాదు. మ్యాటీ గుడ్డ మీద గళ్లు లెక్కపెట్టి చిలకను కుట్టడం, చుక్కలు పెట్టి ముగ్గు వేయడం... లెక్క ప్రకారం బొమ్మ తేవడమే అంతా!

కంప్యూటర్ తెర మీది బొమ్మలకు పేరు తెచ్చిన సూసన్ కేర్ కథా ఇలాంటిదే. ఆమె చిత్రకళలో డాక్టరేట్ చేసిన కళాకారిణి. 1984లో విడుదలైన ఆపిల్ మెకింతోష్‌కు బొమ్మలు కావాల్సి వచ్చినప్పుడు, ఆ బృందంలో ఉన్న ఆమె హైస్కూలు స్నేహితుడు ఆండీ హెర్జ్‌ఫెల్డ్ గళ్ల పుస్తకం కొనుక్కోమని సలహా ఇచ్చాడు. అడ్డం 32 గళ్లు, నిలువు 32 గళ్లు. మొత్తం 1,024. ఒక్కో గడి నలుపో, తెలుపో! అంతే. ఆ కాస్త చోటులోనే ఆమె నవ్వే కంప్యూటరునూ, బాంబునూ గీసింది.

కథ అక్కడితో ఆగలేదు. 1999లో హెర్జ్‌ఫెల్డ్, మరికొందరు పాత మెకింతోష్ మిత్రులు కలిసి ఈజెల్ అనే కంపెనీ పెట్టారు. లినక్స్ కోసం నాటిలస్ అనే ఫైల్ మేనేజర్ తయారుచేశారు. దానికీ బొమ్మలు గీసింది సూసన్ కేరే! నాటిలస్ మొదటి పూర్తి రూపం 2001 మార్చిలో వచ్చింది. డబ్బు అయిపోయి, రెండు నెలలకే, మే నెలలో కంపెనీ మూతపడింది.

మామూలుగా అయితే కంపెనీతోపాటే సరుకూ అటకెక్కేది. కానీ నాటిలస్ స్వేచ్ఛా లైసెన్సు కింద విడుదలైంది. ఎవరైనా తీసుకుని బాగుచేసుకోవచ్చు. అలాగే చేశారు. ఇప్పటికీ అది 'ఫైల్స్' అనే పేరుతో లక్షల కంప్యూటర్లలో బతికే ఉంది. యజమాని పోయినా ఊరివాళ్లు కాపాడుకున్న చెరువులాగా!

మీసం వెనక రహస్యం

ఇక మారియో సంగతి. షిగెరు మియామోతో ఈ బొమ్మను 1981 నాటి 'డాంకీ కాంగ్' ఆట కోసం గీశాడు. ఉన్న నాలుగు గళ్లలో నోరు స్పష్టంగా గీయడం కుదర్లేదు... మీసం పెట్టేశాడు. ఎగిరినప్పుడల్లా జుట్టు కదిలేలా గీయడం కష్టం... టోపీ పెట్టేశాడు! ఇబ్బందిలోంచి పుట్టిన అందం అది.

1985లో వచ్చిన 'సూపర్ మారియో బ్రదర్స్' మొత్తం ఆట సైజు 40 కిలోబైట్లు. వాట్సాప్‌లో పొద్దున్నే వచ్చే ఒక్క 'శుభోదయం' బొమ్మ చాలాసార్లు అంతకంటే పెద్దదిగా ఉంటుంది. చోటు చాలక ఎంత పొదుపు చేశారంటే, ఆ ఆటలో ఆకాశంలోని మేఘం, నేల మీది పొద... రెండూ ఒకే బొమ్మ. తెల్లరంగు వేస్తే మేఘం, పచ్చరంగు వేస్తే పొద! కదిలే బొమ్మ ఒక్కోదానికి మూడే రంగులు. మారియో కూడా అంతే.

అందుకే పాత ఆటల ముస్తాబు ఫోల్డర్లకు అంత బాగా నప్పుతుంది. చిన్న చోటులో, నాలుగు రంగుల్లో, దూరం నుంచి చూసినా ఇట్టే గుర్తుపట్టేలా ఉండటమే వాటి గుణం. ఫైల్ మేనేజర్‌కు కావాల్సిందీ అదే.

ఆట శ్రుతి మించితే...

ఫైళ్లకూ ఆటకూ పెళ్లి చేయాలన్న ఆలోచన కొత్తదేం కాదు. 1993 నాటి 'జురాసిక్ పార్క్' సినిమాలో ఓ అమ్మాయి కంప్యూటర్ ముందు కూర్చుని 'ఇది యూనిక్స్' అని గుర్తుపట్టే సన్నివేశం ఉంది కదా! తెర మీద మైదానం, దాని మీద పెట్టెలు... వాటి మధ్య ఎగురుతూ వెళ్లడం. అది సినిమా కోసం చేసిన మాయ కాదు. సిలికాన్ గ్రాఫిక్స్ సంస్థ తయారుచేసిన నిజమైన ఫైల్ మేనేజరే.

అమెరికాలోని న్యూ మెక్సికో విశ్వవిద్యాలయంలో డెన్నిస్ చావో అనే పరిశోధకుడు 1999లో ఇంకో అడుగు ముందుకేశాడు. 'డూమ్' అనే తుపాకీ ఆటను కంప్యూటర్ నిర్వహణకు ముడిపెట్టాడు. కంప్యూటర్లో నడుస్తున్న ఒక్కో పనీ ఒక్కో రాక్షసుడు. కాల్చి చంపితే ఆ పని ఆగిపోతుంది! ఆలోచన బ్రహ్మాండం. కానీ చిక్కేంటంటే, ఆ ఆటలో రాక్షసులు తమలో తామూ కొట్టుకుంటారు. అలా కొట్టుకుని ముఖ్యమైన పనిని చంపేస్తే కంప్యూటరే కుప్పకూలుతుంది.

ఇందులో ఇంటికి పనికొచ్చే పాఠం ఒకటుంది. బొమ్మ మార్చడం ముస్తాబు. పనినే ఆటకు అప్పగించడం జూదం. ముస్తాబులోనూ జాగ్రత్త కావాలి. అన్ని ఫోల్డర్లకూ ఒకే ప్రశ్నగుర్తు పెట్టె పెట్టారనుకోండి... చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కానీ పాసుపుస్తకం ఏ పెట్టెలో ఉందో, చెత్త ఏ పెట్టెలో ఉందో తెలీక తాసీల్దారు ఆఫీసుకు వెళ్లాల్సిన రోజున ఇల్లంతా తలపట్టుకోవాలి.

పల్నాటి ఆట చూడరా!

అయినా మారియోనే ఎందుకు? పల్నాడుకు సొంత ఆటలు లేవా! ఇక్కడి కథంతా ఆటలతోనే నడిచింది. 12వ శతాబ్దంలో బ్రహ్మనాయుడు, నాయకురాలు నాగమ్మల మధ్య కోడిపందెం. ఓడిన మాచర్ల వాళ్లకు ఏడేళ్ల వనవాసం. ఆ తర్వాత నాగులేరు ఒడ్డున కారెంపూడిలో యుద్ధం. బాలచంద్రుడు బొంగరాలాడుతుంటే అది ఒకావిడ కాలికి తగలడం, ఆమె మాటలతోనే అతనికి యుద్ధం సంగతి తెలియడం... శ్రీనాథుడి పల్నాటి వీరచరిత్ర పుణ్యమా అని తెలుగువాళ్లందరికీ తెలిసిన కథే.

వీటిని 16 గళ్ల చదరంలో గీస్తే ఎలా ఉంటుంది? ఆటల ఫోల్డరుకు బొంగరం. కొత్తగా దిగిన ఫైళ్లకు కోడిపుంజు. వీడియోలకు కోటప్పకొండ తిరునాళ్లలో దీపాలతో మెరిసే ప్రభ. ఫొటోలకు ఎత్తిపోతల జలపాతం. ముఖ్యమైన కాగితాలకు ఇనప్పెట్టె. కోటప్పకొండ మీద కాకి వాలదని నమ్మకం కదా... చెత్తబుట్టకు కాకి బొమ్మ! ఖాళీ చేశాక అందులోది మళ్లీ కొండెక్కదు. హార్డ్‌డిస్కులో రెండు భాగాలుంటే ఒకదానికి గురజాల, రెండోదానికి మాచర్ల అని పేరు పెట్టుకోవచ్చు. పంచాయితీ లేకుండా ఫైళ్లు అటూ ఇటూ తిరుగుతాయి.

ఇప్పుడు నాయనమ్మకు చెప్పడం చాలా తేలిక. 'నాయనమ్మా, జలపాతం మీద నొక్కు, అక్క పెళ్లి ఫొటోలొస్తాయి' అంటే చాలు. ఇంగ్లిషు అక్కర్లేదు. అసలు చదువే అక్కర్లేదు!

తెలుగు అక్షరం ఇమడదు

ఒక్క చోట మాత్రం పాత ఆటల పద్ధతి మనకు కుదరదు. ఆ ఆటల్లో ఇంగ్లిషు అక్షరం 8 గళ్ల చదరంలో హాయిగా కూర్చుంటుంది. మన 'స్త్రీ', 'లక్ష్మి' అలా కూర్చోవు. పైన గుడి, కింద వత్తు, దాని కింద మరో వత్తు. గళ్లు చాలక ఒకదాన్నొకటి మింగేస్తాయి. కాబట్టి బొమ్మలు ఆటవైనా తెలుగు పేర్లకు మామూలు ఫాంటునే ఉంచుకోవడం మేలు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు లినక్స్‌లో ఉచితంగానే దొరుకుతాయి. ఎంచుకున్న ఫాంటులో తెలుగు అక్షరం లేకపోతే, ఉన్న ఫాంటు నుంచి లినక్స్ తనే తెచ్చి చూపిస్తుంది. మెనూలతో సహా అంతా తెలుగులో కావాలనుకునే వారి కోసం స్వేచ్ఛ సంస్థ తెలుగు ఆపరేటింగ్ సిస్టం తయారీకి పూనుకుంది.

చేసి చూస్తారా?

ఆదివారం మధ్యాహ్నం కూర్చుంటే సాయంత్రానికి అయిపోయే పనే. ముందుగా పిల్లల పేరుతో కంప్యూటర్లో విడిగా ఓ ఖాతా తెరవండి. థీమ్ ఎవరి ఖాతాకు వాళ్లదే. పిల్లాడి ప్రయోగం నాన్న తెరను పాడుచేయదు.

లెక్కల గళ్ల పుస్తకంలో 16 గళ్ల చదరం గీసి బొమ్మ వేయండి. రంగులు నాలుగు దాటనీయొద్దు. రంగు చూసి కాదు, ఆకారం చూసి గుర్తుపట్టేలా ఉండాలి. కొందరికి ఎరుపు, పచ్చల తేడా తెలీదు కదా!

తర్వాత 'గింప్' అనే ఉచిత బొమ్మల ప్రోగ్రాములో ఆ గళ్లనే నింపండి. బొమ్మను సరిగ్గా నాలుగింతలు చేసి 64 గళ్ల సైజుకు తెండి. రెండింతలు, మూడింతలు అయినా ఫరవాలేదు... రెండున్నర రెట్లు మాత్రం వద్దు. గళ్ల అంచులు వంకరపోతాయి. పెంచేటప్పుడు 'ఇంటర్‌పొలేషన్' దగ్గర 'నన్' ఎంచుకోవడం మరవొద్దు. లేదంటే బొమ్మ మంచులో చూసినట్టు మసకబారుతుంది.

హోమ్ ఫోల్డరులో చుక్కతో మొదలయ్యే 'ఐకాన్స్' అనే ఫోల్డరు ఉంటుంది. లేకపోతే మీరే పెట్టొచ్చు. చుక్కతో మొదలయ్యేవన్నీ కంటికి కనపడకుండా దాక్కుంటాయి. కంట్రోల్, హెచ్ మీటలు కలిపి నొక్కితే బయటికొస్తాయి. అందులో మీ థీమ్ పేరుతో ఓ ఫోల్డరు పెట్టి, దాని లోపల ఒక్కో సైజుకు ఒక్కో అర తెరిచి బొమ్మలు ఉంచండి. బొమ్మల పేర్లు మాత్రం లినక్స్ ఎదురుచూసే పేర్లే అయి ఉండాలి. ఫోల్డరు బొమ్మకు 'ఫోల్డర్', చెత్తబుట్టకు 'యూజర్ - ట్రాష్'. ఇలా ఇంగ్లిషు చిన్నబడి అక్షరాల్లో.

చివరగా 'ఇండెక్స్ డాట్ థీమ్' అనే చిన్న ఫైలు. థీమ్ పేరేమిటి, బొమ్మలు ఏ అరల్లో ఉన్నాయి, వాటి సైజెంత, లేని బొమ్మ ఏ థీమ్ నుంచి తేవాలి... ఇవి రాస్తే చాలు. మీరు గీసింది ఆరు బొమ్మలే అయినా మిగతావి పాత థీమ్ నుంచి వస్తాయి. ఇంట్లో లేని చింతపండు పక్కింట్లో అడిగి తెచ్చుకున్నట్టే! ఆ తర్వాత సెట్టింగుల్లోకి వెళ్లి మీ థీమ్ ఎంచుకోవడమే. గ్నోమ్ వాడేవాళ్లకు 'ట్వీక్స్' అనే ప్రోగ్రాము కావాలి. నచ్చకపోతే పాతది ఎంచుకోండి. ఒక్క నొక్కుతో మళ్లీ మొదటికి.

వద్దనేవాళ్లూ ఉన్నారు

2019లో గ్నోమ్ ప్రోగ్రాములు రాసే కొందరు ఓ బహిరంగ లేఖ రాశారు. లినక్స్ పంచే సంస్థలు తమ ప్రోగ్రాముల ముస్తాబును ఇష్టం వచ్చినట్టు మార్చేస్తున్నాయని, దాంతో అక్షరాలు కనపడక, బొమ్మలు అర్థంకాక జనం తమను తిడుతున్నారని వాళ్ల బాధ. అందులో న్యాయం లేకపోలేదు. అయితే తన కంప్యూటర్‌ను తను మార్చుకునే మనిషికి ఆ లేఖ అడ్డుచెప్పలేదు. వడ్డించేవాడు అందరి విస్తట్లో కారం గుమ్మరించడం వేరు, ఎవరికి వాళ్లు కలుపుకోవడం వేరు! 2022 తర్వాత వచ్చిన గ్నోమ్ ప్రోగ్రాముల్లో రంగులు మార్చడం కాస్త కష్టమైంది. ఫోల్డరు బొమ్మలు మాత్రం ఇప్పటికీ మన చేతిలోనే ఉన్నాయి.

ఇంకో మాట. మారియో బొమ్మ నింటెండో వాళ్ల సొత్తు. సరదాకి ఇంట్లో వాడుకోవడం వేరు, థీమ్‌గా చేసి లోకానికి పంచడం వేరు. పంచాలనుంటే సొంత బొమ్మలే క్షేమం. లేదా లారీ యూయింగ్ 1996లో గీసిన లినక్స్ పెంగ్విన్ టక్స్ ఉండనే ఉంది. గీసినవాడి పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు.

బొంగరం గీసిన పిల్లాడికి ఆ సాయంత్రం ఏం తెలుస్తుంది? ఫోల్డరు బొమ్మ ఎవరో పైనుంచి రాసిపెట్టింది కాదని తెలుస్తుంది. ఆ బొమ్మ ఏ అరలో ఉంటుందో, పేరు తప్పితే ఎందుకు కనపడదో తెలుస్తుంది. కంప్యూటర్‌ను వాడటానికీ, అది తనదనుకోవడానికీ తేడా అక్కడే మొదలవుతుంది. వచ్చే ఆదివారం గళ్ల పుస్తకం బయటికి తీయండి. నాయనమ్మను మాత్రం ముందే అడగండి... ఫొటోల అర మీద ఏ బొమ్మ ఉండాలో!